వ్యాక్యూమ్ ఆవిరిని లాగదు: గుంటూరు ల్యాబులో నా ప్రాజెక్టు అనుభవం

కెమికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు నాకు అప్పగించిన ప్రాజెక్టు వినడానికి చాలా చిన్నది. ప్రవహిస్తున్న గాలిలోకి ఒక పదార్థపు ఆవిరి ఎంత వేగంగా వ్యాపిస్తుందో కొలవాలి. ఆ గాలి పీడనాన్ని మెట్టుమెట్టుగా తగ్గిస్తూ పోతే ఆ వేగం ఎలా మారుతుందో చూడాలి. మందుల కంపెనీలలో పొడులను ఆరబెట్టే వ్యాక్యూమ్ డ్రయ్యర్లకూ, గడ్డకట్టించి తేమ తీసే యంత్రాలకూ, ఆవిరి రూపంలో పూతలు వేసే పరికరాలకూ అడుగున ఉన్న సూత్రం ఇదే కనుక, గుంటూరు శివార్లలోని మా కళాశాలలో ఉన్న సామగ్రితోనే దీన్ని చేసి చూపించవచ్చని మా గైడ్‌గారి నమ్మకం. అయితే ఆయన ఒక షరతు పెట్టారు. ఒక్క గాజు గొట్టమైనా కొనకముందు, ఏ పీడనం దగ్గర ఎంత ఫలితం రావాలో లెక్క వేసి కాగితం మీద రాసి తనకు ఇవ్వాలన్నారు.

ఆ షరతు వల్ల జరిగిన మొదటి మేలు ఏమిటంటే, అంతవరకూ నేను ప్రశ్నించకుండా మోస్తున్న ఒక ఊహ బయటపడింది. ఒత్తిడి తగ్గిస్తే ద్రవం త్వరగా ఆవిరవుతుందని ఇంటర్మీడియట్ చదివిన వారందరికీ తెలుసు; ఎందుకు అని అడిగితే, వ్యాక్యూమ్ దాన్ని లాగేస్తుంది కాబట్టి అని చెబుతారు. ఏసీ మెకానిక్కులూ అదే మాట అంటారు, చాలామంది ఇంజనీర్లూ అదే అంటారు. కానీ నేను రాయవలసిన సమీకరణంలో లాగే బలం అంటూ ఎక్కడా లేదు. ఉన్నవల్లా వ్యాపన గుణకం (ఆవిరి గాలిలో ఎంత సులువుగా వ్యాపిస్తుందో చెప్పే సంఖ్య), పీడనం, ఉష్ణోగ్రత, ద్రవపు బాష్ప పీడనం (ద్రవం పైన నిండిన దాని ఆవిరి కలిగించే పీడనం), ఆవిరి నడవవలసిన దూరం మాత్రమే.

వ్యాపనానికి మొదటి సమీకరణం రాసినవాడు భౌతిక శాస్త్రవేత్త కూడా కాదు. శరీరధర్మ శాస్త్రం చెప్పిన అడాల్ఫ్ ఫిక్, 1855లో. సాంద్రత ఎక్కువగా ఉన్న చోటి నుంచి తక్కువగా ఉన్న చోటికి పదార్థం ప్రవహించే వేగం, ఆ సాంద్రత ఎంత దూరంలో ఎంత పడిపోయిందన్న దాని మీద ఆధారపడుతుందన్నది ఆయన చెప్పిన మాట. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో వియన్నాలో జోసెఫ్ స్టెఫాన్ దాన్ని ఆవిరులకు అన్వయించాడు. ఉష్ణ వికిరణ నియమంలో బోల్ట్జ్‌మన్ పేరు పక్కన మనం చదువుకునే స్టెఫాన్ ఈయనే. సన్నని నిలువు గొట్టం అడుగున కొద్దిగా ద్రవం పోసి, గొట్టం మూతి మీదుగా అడ్డంగా గాలి పంపుతూ ఉంటే, పైకి వచ్చిన ఆవిరిని గాలి ఎప్పటికప్పుడు తుడుచుకుపోతుంది. లోపల మాత్రం కదలని గాలి స్తంభం గుండా ఆవిరి తనంతట తాను ఎక్కి రావాలి. ద్రవ మట్టం ఎంత నెమ్మదిగా దిగుతోందో కొలిస్తే వ్యాపన గుణకం తేలుతుంది. మట్టం దిగేకొద్దీ ఆవిరి నడవవలసిన దూరం పెరుగుతుంది కనుక వేగం తగ్గుతూ పోతుంది. అందువల్ల మట్టం లోతు వర్గాన్ని కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. ప్రయోగం సరిగా నడుస్తోందో లేదో చెప్పే మొదటి సాక్ష్యం ఆ రేఖే. అది వంగిందంటే ఎక్కడో లీకు ఉంది, లేదా ఉష్ణోగ్రత నిలకడగా లేదు.

ఇందులో పీడనం పాత్ర ఏమిటన్నది కాగితం మీద తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. వాయువులలో వ్యాపన గుణకం పీడనానికి విలోమంగా ఉంటుంది: పీడనం సగమైతే గుణకం రెట్టింపవుతుంది. వాయువుల చలన సిద్ధాంతంతో మాక్స్‌వెల్ కాలం నుంచి తెలిసిన సంగతి ఇది. కారణం అణువుల ఢీలలో ఉంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర గాలి అణువు రెండు ఢీల మధ్య నేరుగా నడిచే సగటు దూరం సుమారు 68 నానోమీటర్లు. పీడనాన్ని పదో వంతుకు తగ్గిస్తే ఆ దూరం పది రెట్లవుతుంది, అణువు వేగం మాత్రం మారదు. ఉష్ణోగ్రతతో గుణకం పెరిగే తీరు వేరు. ఫుల్లర్, షెట్లర్, గిడ్డింగ్స్ 1966లో ఇచ్చిన సూత్రం ప్రకారం పరమ ఉష్ణోగ్రతను 1.75 ఘాతానికి హెచ్చించాలి. అదే సూత్రంతో 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒక వాతావరణ పీడనంలో, గాలిలో అసిటోన్ ఆవిరి వ్యాపన గుణకాన్ని లెక్కిస్తే సెకనుకు సుమారు 0.11 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. నీటి ఆవిరికి ఇది దాదాపు 0.26 ఉంటుంది, చిన్న అణువు, తేలికైన అణువు కాబట్టి.

ఆ గొట్టంలో ఆవిరి పైకెక్కే వేగాన్ని ఇచ్చే స్టెఫాన్ సమీకరణంలో వ్యాపన గుణకం ఒంటరిగా రాదు, పీడనంతో గుణించబడి వస్తుంది. ఒకటి పెరిగితే రెండోది అంతే తగ్గుతుంది కనుక ఆ లబ్ధం మారదు. అంటే పీడనం తగ్గించడం వల్ల వచ్చే లాభమంతా ఆ పక్కనున్న లాగరిథమ్ పదంలో దాగి ఉంది. మొత్తం పీడనాన్ని, ఆ పీడనంలోంచి బాష్ప పీడనం తీసివేయగా మిగిలిన దానితో భాగించి, దానికి లాగరిథమ్ తీసుకోవాలి. బాష్ప పీడనం చాలా స్వల్పమైనప్పుడు ఈ పదం పీడనానికి విలోమంగా మారుతుంది, కనుక పీడనం సగమైతే ఆవిరి రెట్టింపవుతుంది. బాష్ప పీడనం మొత్తం పీడనానికి దగ్గరయ్యేకొద్దీ పదం అంతకన్నా వేగంగా పెరిగి, రెండూ సమానమైన చోట హద్దు లేకుండా పోతుంది. ఆ చోటునే మనం మరగడం అంటాం. ఈ రెండు స్వభావాలనూ విడివిడిగా చూపించాలంటే రెండు పదార్థాలు కావాలి. బాష్ప పీడనం ఎక్కువగా ఉన్న అసిటోన్ ఒకటి, అతి తక్కువగా ఉన్న నాఫ్తలీన్ రెండోది. నాఫ్తలీన్ అంటే మన బట్టల పెట్టెలలో వేసే కలరా ఉండలే. అయితే బజారులో దొరికే ఉండలలో వేరే రసాయనంతో చేసినవీ ఉంటాయి కనుక, నేను ల్యాబుకు తెప్పించే శుద్ధమైన నాఫ్తలీన్‌నే వాడాను.

గైడ్‌గారు కాగితం చూసి ఒప్పుకున్న తరువాత అసలు పని మొదలైంది. లోపలి వ్యాసం నాలుగు మిల్లీమీటర్లున్న నిలువు గొట్టం పైన అడ్డగొట్టం అతికించిన గాజు పరికరం ఒకటి చేయించాను. గొట్టం అంత సన్నగా ఎందుకంటే, వెడల్పాటి గొట్టంలో మూతి మీదుగా పోయే గాలి లోపలికి సుడులు తిరుగుతూ దిగి, మనం కదలకుండా ఉందనుకున్న స్తంభాన్ని కలచివేస్తుంది. అసిటోన్ ఎంచుకోవడంలో ఇంకొక సౌకర్యం కూడా ఉంది. దాని అణుభారం 58, గాలి సగటు అణుభారం 29. బరువైన ఆవిరి అడుగున, తేలికైన గాలి పైన ఉంటాయి కాబట్టి స్తంభం స్థిరంగా నిలుస్తుంది. నీటి ఆవిరి గాలికన్నా తేలిక కనుక ఆ ధీమా ఉండదు. గొట్టం మరీ వెడల్పయితే తడి గాలి తనంతట తానే పైకి లేస్తుంది.

గాజు నుంచి ఇనుప పైపుకు మారే చోట గాలి చొరబడని ఇత్తడి కప్లింగులు కావలసి వచ్చాయి. అవి కేటలాగులో వెతికి తెప్పించుకుంటే నెలలు పట్టేవి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు చేసే ఒక లేతు షాపులో బొమ్మ గీసి ఇచ్చి చేయించుకున్నాను. ఇది ఏ లారీకి అని వారు అడిగారు కానీ, ఓ-రింగు కూర్చునే గాడి లోతు విషయంలో నేను గీసిన దానికన్నా మంచి సలహా ఇచ్చారు. రింగు నొక్కుకోవడానికి కొంత చోటు వదలాలని, అంచులు పదునుగా ఉంటే బిగించేటప్పుడు రబ్బరు తెగుతుందని వారి చేతి అనుభవం. వ్యాక్యూమ్ పనిలో లీకులతో తలనొప్పి పడ్డ వారెవరికైనా ఈ సలహా విలువ తెలుస్తుంది.

ద్రవ మట్టం చూడటానికి ఫిజిక్సు విభాగం నుంచి ట్రావెలింగ్ మైక్రోస్కోపును అడిగి తెచ్చుకున్నాను. మిల్లీమీటరులో నూరో వంతు వరకు చదవగలిగే ఆ పరికరం మన కాలేజీలలో చాలా చోట్ల అలమారలో ముసుగు వేసుకుని ఉంటుంది. గొట్టాన్ని గాజు తొట్టిలోని నీటి బాత్‌లో నిలబెట్టి, ఉష్ణోగ్రత 30 డిగ్రీల దగ్గర నిలిపాను. ఎండాకాలంలో గుంటూరు ల్యాబులో 30 డిగ్రీలు అంటే వేడిచేయడం కాదు, చల్లబరచడం. అందుకని ఈ భాగమంతా ఏసీ గదిలో, ఎక్కువగా ఉదయం పూట చేశాను. సముద్రానికి ఎంతో దూరం లేని ఊరు కనుక గాలిలో తేమ కూడా ఎక్కువే. అసిటోన్ నీటిని ఇష్టంగా కలుపుకుంటుంది; తడి గాలిని పంపితే గొట్టంలోని ద్రవం కొద్దికొద్దిగా నీళ్లు కలిసి, బాష్ప పీడనం మనం అనుకున్నది కాకుండా పోతుంది. గాలిని ముందుగా సిలికా జెల్ నింపిన రెండు గొట్టాల గుండా పంపి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరగడం మొదలవగానే ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టేవాణ్ని.

పీడనం తగ్గించడానికి అసిటోన్ దగ్గర నూనె పంపు వాడలేదు. మండే ఆవిరి పంపు నూనెలో కరిగితే నూనె పాడవుతుంది, బయటికి వచ్చే పొగ ప్రమాదం. ఆవిరిని చల్లబరచి పట్టేసే ఐసు, ఉప్పు కలిపిన ట్రాప్ పెట్టవచ్చు కదా అనిపిస్తుంది. కానీ అసిటోన్ మైనస్ 95 డిగ్రీల దగ్గర గానీ గడ్డకట్టదు, మైనస్ 20 దగ్గర కూడా దాని బాష్ప పీడనం సుమారు మూడు కిలోపాస్కళ్లు (మామూలు వాతావరణ పీడనం సుమారు 101) ఉంటుంది కనుక చాలా భాగం ట్రాపును దాటిపోతుంది. కుళాయికి తగిలించే నీటి జెట్ పంపు ఇక్కడ సరిగ్గా సరిపోయింది. అసిటోన్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది, నిప్పు భయం తక్కువ, నాకు కావలసిన పీడనమూ 38 కిలోపాస్కళ్లకు తక్కువ కాదు. ఇలాంటి పంపు నీటి బాష్ప పీడనం కన్నా కిందికి పోలేదు. 30 డిగ్రీల నీటితో ఆ హద్దు 4.2 కిలోపాస్కళ్లు. మా ఓవర్‌హెడ్ ట్యాంకు ఒత్తిడితో అది అంతదాకా పోయేదీ కాదు, నాకు అవసరమూ లేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతిని కాస్త వివరంగా చెప్పాలి; ఇలాంటి ప్రయోగం చేయబోయే వారు మొదట తడబడేది దీని దగ్గరే. గాలి ప్రవాహాన్ని చూపే రోటామీటరును వాతావరణ పీడనంలో ఉన్న గాలికి గుర్తులు వేసి అమ్ముతారు. దాన్ని తక్కువ పీడనం ఉన్న వైపు పెడితే లోపలి గాలి పలుచన కావడంతో బొంగరం వేరే ఎత్తులో తేలుతుంది; చదివిన అంకెకు అర్థం మారిపోతుంది. అందుకని రోటామీటరు ముందు, సూది వాల్వు తరువాత, ఆ తరువాతే పరికరం ఉండాలి. గాలి ఎంత ద్రవ్యరాశి పోతోందో వాల్వుకు ముందే తేలిపోతుంది, వాల్వు దాటాక అది ఎంత వ్యాకోచించినా ద్రవ్యరాశి అదే. పీడనం విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. మామూలు డయల్ గేజి బయటి గాలితో పోల్చి ఎంత తక్కువో చెబుతుంది; వాయుగుండం పట్టిన రోజున బయటి పీడనమే పడిపోతుంది. ఒక కొస మూసిన పాదరస మానోమీటరు వాడితే బయట ఏ వాతావరణం ఉన్నా అసలు పీడనమే తెలుస్తుంది.

పరికరం సిద్ధమయ్యాక మొదట వాతావరణ పీడనంలోనే నడిపాను. ద్రవం మూతికి పది సెంటీమీటర్ల కింద ఉన్నప్పుడు మట్టం గంటకు దాదాపు అర మిల్లీమీటరు దిగింది. లెక్క చెప్పినదీ అంతే. గీసిన రేఖ సూటిగా వచ్చింది. దాని వాలు నుంచి తీసిన వ్యాపన గుణకం ఫుల్లర్ సూత్రం ఇచ్చిన విలువకు కొద్ది శాతం తేడాతో సరిపోయింది. గాలి వేగాన్ని పెంచుతూ, తగ్గిస్తూ కూడా చూశాను. మరీ నెమ్మదిగా పంపితే మూతి దగ్గర ఆవిరి పేరుకుని రేటు తగ్గుతుంది. ఒక హద్దు దాటిన తరువాత ఎంత పెంచినా మారని మైదానం వస్తుంది. ఇంకా పెంచితే గాలి గొట్టంలోకి దూరి మళ్లీ రేటు పెరుగుతుంది. మధ్యలోని ఆ మైదానంలో ప్రవాహాన్ని నిలపడమే ఈ పద్ధతికి ప్రాణం. పీడనం తగ్గించిన ప్రతిసారీ, ఒకే ద్రవ్యరాశి ప్రవాహానికి గాలి వేగం పెరుగుతుంది కనుక, ఆ మైదానాన్ని మళ్లీ వెతికి చూసుకున్నాను.

తరువాత పీడనాన్ని వాతావరణంలో సగానికి, అంటే సుమారు 50 కిలోపాస్కళ్లకు, దించాను. అంతకు ముందే అసిటోన్‌ను విడిగా ఒక ఫ్లాస్కులో కొంతసేపు తక్కువ పీడనంలో ఉంచి కరిగి ఉన్న గాలిని తీసేశాను; లేకపోతే ఆ గాలి బుడగలుగా వచ్చి సన్నని గొట్టంలో ద్రవాన్ని ముక్కలుగా విడగొడుతుంది. వ్యాపన గుణకం రెట్టింపవుతుంది కనుక మట్టం గంటకు ఒక మిల్లీమీటరు దిగాలని సాధారణంగా అనుకుంటాం. దిగింది దాదాపు ఒకటిన్నర. అంటే రెట్టింపు కాదు, మూడు రెట్లు. 30 డిగ్రీల దగ్గర అసిటోన్ బాష్ప పీడనం 38 కిలోపాస్కళ్లు. 101లోంచి 38 తీసేస్తే 63 మిగులుతుంది, 50.6లోంచి 38 తీసేస్తే సుమారు 12.6 మాత్రమే మిగులుతుంది. మొదటి నిష్పత్తి 1.6, రెండోది 4, లాగరిథమ్‌లు 0.47, 1.39. కాగితం మీద ఎన్నిసార్లు రాసినా, మైక్రోస్కోపు అడ్డగీత మీద నుంచి ద్రవ అంచు జారిపోతుండగా చూసినప్పుడు కలిగిన నమ్మకం వేరు.

రెట్టింపుకు పైన వచ్చిన ఆ అదనం ఎక్కడిది? గొట్టంలో గాలి కదలకుండా ఉందని అంటాం కానీ, గాలి కూడా తనకు సాంద్రత తక్కువగా ఉన్న అడుగు వైపుకు వ్యాపించాలని చూస్తుంది. ద్రవంలోకి అది పోలేదు. కనుక గాలి నికరంగా ఎటూ కదలకుండా ఉండాలంటే, మొత్తం మిశ్రమమే నెమ్మదిగా పైకి పారుతూ ఆ దిగుడును సరిచేయాలి. స్టెఫాన్ ప్రవాహం అని పిలిచే ఈ పారుదల ఆవిరిని కూడా తనతో మోసుకుపోతుంది. ఆవిరి వాటా స్వల్పంగా ఉన్నప్పుడు ఇది లెక్కలోకి రాదు. పీడనం తగ్గి, ద్రవం దగ్గర మిశ్రమంలో నాలుగింట మూడు వంతులు ఆవిరే అయినప్పుడు ఈ పారుదలే పెద్ద పని చేస్తుంది. పీడనాన్ని 40 దగ్గరికి తెస్తే రేఖ సూటిగా ఉండటం మానేసింది. 38 దగ్గర బుడగలు లేచాయి. అక్కడికి వ్యాపనం కథ అయిపోయి మరగడం కథ మొదలవుతుంది, కనుక ఆ భాగాన్ని అంతటితో ఆపాను.

నాఫ్తలీన్‌ది పూర్తిగా వేరే స్వభావం. 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి అచ్చులో పోసి రెండు సెంటీమీటర్ల వ్యాసమున్న గోళాలు చేయవచ్చు. గది ఉష్ణోగ్రతలో ద్రవం కాకుండానే నేరుగా ఆవిరవుతుంది. 25 డిగ్రీల దగ్గర దాని బాష్ప పీడనం సుమారు 11 పాస్కళ్లే, అంటే వాతావరణ పీడనంలో పదివేల వంతు. ఇక్కడ స్టెఫాన్ ప్రవాహం, లాగరిథమ్ వంకర రెండూ ఉండవు; పీడనం ప్రభావం ఏ కల్తీ లేకుండా కనిపించాలి. అయితే ఉష్ణోగ్రతకు మాత్రం ఇది మహా సున్నితం. ఒక్క డిగ్రీ పెరిగితే బాష్ప పీడనం పది శాతానికి పైగా పెరుగుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగిన రోజున తీసిన అంకెలన్నీ పక్కన పెట్టవలసిందే. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతుంది గానీ గది చల్లగా ఉండదు కదా.

గోళాన్ని సన్నని తీగకు వేలాడదీసి, ఐదు సెంటీమీటర్ల గాజు గొట్టంలో నిలిపి, చుట్టూ పొడి గాలి పంపి, గంట ముందూ తరువాతా నాలుగు దశాంశాల తూకంలో తూచడమే ఇక్కడి పద్ధతి. గోళం నుంచి ప్రవాహంలోకి ఆవిరి పోయే వేగానికి రాంజ్, మార్షల్ 1952లో ఇచ్చిన సంబంధం ఉంది. గోళం నుంచి ఆవిరి పోయే తీవ్రతను చెప్పే షెర్‌వుడ్ సంఖ్య అనే ఒక నిష్పత్తి కదలని గాలిలో 2 ఉంటుందని, ప్రవాహం ఉంటే దానికి రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహపు జోరుకూ గాలి జిడ్డుతనానికీ ఉన్న నిష్పత్తి) వర్గమూలం, ష్మిట్ సంఖ్య (ఆ జిడ్డుతనానికీ వ్యాపనానికీ ఉన్న నిష్పత్తి) ఘనమూలం, 0.6 కలిపి గుణించిన మొత్తం తోడవుతుందని అది చెబుతుంది. రెనాల్డ్స్ సంఖ్య 100 దగ్గర ఇది నాఫ్తలీన్‌కు సుమారు 10 అవుతుంది. వాతావరణ పీడనంలో గంటకు ఎనిమిది మిల్లీగ్రాముల తగ్గుదల రావాలి. మా తూకానికి అది అందుతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా అందంగా తోచిన విషయం, పీడనం తగ్గించినా మారనివాటి జాబితా. గాలి స్నిగ్ధత, అంటే జిడ్డుతనం, పీడనంతో మారదు. మాక్స్‌వెల్ దీన్ని ముందు సిద్ధాంతంలో ఊహించి, తనకే నమ్మశక్యం కాక, 1860లలో స్వయంగా ప్రయోగం చేసి నిరూపించాడు. కనుక ఒకే ద్రవ్యరాశి గాలి పంపితే రెనాల్డ్స్ సంఖ్య ఏ పీడనంలోనైనా ఒకటే. సాంద్రత తగ్గిన మేరకు వ్యాపన గుణకం పెరుగుతుంది కనుక ష్మిట్ సంఖ్య కూడా ఒకటే. అంటే షెర్‌వుడ్ సంఖ్య కదలదు. గోళం చుట్టూ ప్రవాహపు రూపం ఏమీ మారకుండా, వ్యాపన గుణకం ఒక్కటే పెరుగుతుంది. కాబట్టి పదో వంతు పీడనంలో తూకం తగ్గుదల సరిగ్గా పది రెట్లు ఉండాలి, ఎక్కువా కాదు తక్కువా కాదు.

పదో వంతు పీడనం, దానితో పాటు నిమిషానికి తొమ్మిది లీటర్ల వాతావరణ గాలి ప్రవాహం కావాలంటే, పంపు నిమిషానికి తొంభై లీటర్లకు పైగా లాగాలి. ఆ శక్తి ఉన్న నూనె పంపు మా విభాగంలో లేదు. బ్రాడీపేటలో ఏసీలు బాగుచేసే ఒకాయన, గ్యాసు నింపే ముందు పైపుల్లో తేమ తీయడానికి వాడే తన రోటరీ పంపును సాయంత్రం వరకు ఇచ్చేవారు. ఆయన తన పనిలో రోజూ చేసేది కూడా ఇదే శాస్త్రం: రాగి పైపులో చిక్కిన నీటిచుక్క మీద పీడనం తగ్గించి దాన్ని ఆవిరిగా మార్చడం. "వ్యాక్యూమ్ పెడితే తేమను గుంజుకొస్తుందండీ" అని ఆయన అన్నప్పుడు నేను మాట కలపలేదు, ఎందుకంటే ఆయన పైపులు పొడిగా అవుతూనే ఉన్నాయి. కానీ ఆ పంపు అతి తక్కువ పీడనం కోసం చేసింది. ఎడతెగకుండా ఇంత గాలి లోపలికి వస్తుంటే వేడెక్కి, బయటి మార్గం నుంచి నూనె పొగ చిమ్మేది. గొట్టంతో ఆ పొగను కిటికీ బయటికి పంపి, కొద్దిసేపు నడిపి కొద్దిసేపు ఆపుతూ పని కానిచ్చాను. నాఫ్తలీన్ కొంత నూనెలో కరిగి వాసన వేసేది కనుక, పంపు తిరిగి ఇచ్చేటప్పుడు కొత్త నూనె పోసి ఇచ్చాను.

సగం పీడనంలో రెట్టింపుకు చాలా దగ్గరగా, పదో వంతులో తొమ్మిది రెట్లకు కొంచెం పైన వచ్చింది. ఆ తగ్గిన భాగానికి కారణం గోళం చల్లబడటమే అని మొదట తోచింది. ఆవిరైన ప్రతి గ్రామూ వేడిని తీసుకుపోతుంది కనుక, లెక్కలో అది ఒక డిగ్రీ లోపే వచ్చినా, నాఫ్తలీన్ ఉష్ణోగ్రతకు అంత సున్నితం కాబట్టి కొంత వాటా దానికి చెందుతుంది. కానీ మొత్తం తేడాను అది ఒక్కటే మింగలేదు. వ్యాకోచించిన గాలి వాల్వు దగ్గరే కాస్త చల్లబడి వస్తుండటాన్ని ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ చూపించింది. వాల్వుకూ గోళానికీ మధ్య రాగి చుట్ట ఒకటి పెట్టి దాన్ని నీటి బాత్‌లో ముంచిన తరువాత ఫలితం పదికి దగ్గరైంది.

ఈ దశలోనే గైడ్‌గారు ఒక లెక్క వేయమన్నారు. ఉపరితలం నుంచి అణువులు అసలు ఎంత వేగంగా బయటపడుతున్నాయో హెర్ట్జ్, నూడ్సెన్ సూత్రంతో కట్టి, మనం తూచిన దానితో పోల్చమన్నారు. కదలని గాలిలో, ఒక వాతావరణ పీడనం దగ్గర, రెండు సెంటీమీటర్ల నాఫ్తలీన్ గోళానికి ఆ నిష్పత్తి ఎనభై వేలకు పైగా వచ్చింది. గోళాన్ని వదిలిన ప్రతి ఎనభై వేల పైచిలుకు అణువులలో నికరంగా ఒక్కటే తప్పించుకుపోతోంది. మిగిలినవన్నీ గాలి అణువులను ఢీకొని వెనక్కి వచ్చి గోళానికే అతుక్కుంటున్నాయి. సీజనులో మిర్చి యార్డు లోపలి నుంచి గేటు దాకా రాబోయి, జనం తోపుడుకు బయల్దేరిన చోటికే తిరిగి చేరే మనిషిలాంటి స్థితి. ఇప్పుడు పీడనాన్ని పదో వంతు చేస్తే ఏమైంది? గోళం నుంచి బయల్దేరే అణువుల సంఖ్య మారలేదు. అది ఉష్ణోగ్రత ఒక్కదాని మీదే ఆధారపడుతుంది. వెనక్కి తిరిగి రానివి ఎనభై వేలలో ఒకటికి బదులు పది అయ్యాయి. వ్యాక్యూమ్ చేసిన పని అంతే, అడ్డు తగ్గించడం. ఎవర్నీ లాగలేదు.

ప్రవాహం చేసే పని కూడా ఈ చూపుతో తేటపడుతుంది. గాలి వీచినా గోళం నుంచి బయల్దేరే అణువులు పెరగవు. అవి దాటవలసిన పొర పలచబడుతుంది, అంతే. పీడనం, ప్రవాహం రెండూ వేర్వేరు మార్గాల్లో ఒకే అడ్డును తగ్గిస్తాయి. డ్రయ్యరులో గాలి ప్రవాహం పూర్తిగా ఆపి, పీడనం మాత్రం తగ్గించి సరిపెట్టుకుందామని అనేవారికి నేను ఇప్పుడు ఇదే చెబుతాను: పక్కనే ఆవిరి పేరుకుని ఉంటే, అది కదిలిపోయే దారి లేకపోతే, గుణకం ఎంత పెరిగినా తిరిగి వచ్చే అణువుల సంఖ్య తగ్గదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరుగారు అడిగిన ఒకే ఒక గట్టి ప్రశ్న, ఈ విలోమ సంబంధం ఎక్కడిదాకా నిలుస్తుందన్నది. అణువు ఢీల మధ్య నడిచే దూరం పాత్ర పరిమాణంతో సమానమయ్యే వరకు అని చెప్పాను. పది కిలోపాస్కళ్ల దగ్గర ఆ దూరం మైక్రోమీటరులో పదింట ఏడు వంతులు కూడా ఉండదు కనుక, నా గొట్టానికీ గోళానికీ ఏ ఇబ్బందీ లేదు. పది పాస్కళ్లకు దిగితే అది ముప్పావు మిల్లీమీటరు దగ్గరికి వస్తుంది, ఒక పాస్కల్‌కు దిగితే ఏడు మిల్లీమీటర్లకు చేరి నా సన్నని గొట్టం వ్యాసాన్ని దాటుతుంది. అక్కడ అణువులు ఒకదానినొకటి కాక గోడలను ఢీకొంటాయి. వ్యాపన గుణకం పీడనాన్ని మరచిపోయి గొట్టం వెడల్పును బట్టి నడుస్తుంది. ఆ ప్రాంతానికి వెళ్లడానికి వేరే పంపు, వేరే గేజి, వేరే కప్లింగులు కావాలి. నా పరికరాన్ని ఇప్పుడు జూనియర్లు తీసుకుని అసిటోన్ బదులు ఇథనాల్‌తో నడుపుతున్నారు. 30 డిగ్రీల దగ్గర దాని బాష్ప పీడనం సుమారు పదిన్నర కిలోపాస్కళ్లు కనుక, లాగరిథమ్ వంకర ఎక్కడ మొదలవుతుందో అసిటోన్‌లో కన్నా చాలా కింది పీడనం వరకు మెట్టుమెట్టుగా చూసే వీలుంటుంది.